తాడ్వాయి అడవిలో రెండు తలల రాకాసి – గుర్తులు ఎట్ల వెతకాలె?

పస్రా పోరడు:

అందరికి నమస్తే. మాది ములుగు జిల్లా పస్రా పక్క ఊరు. ఇప్పుడు హన్మకొండల జిరాక్స్ షాపు నడుపుకుంట ఉంటున్న. అడగాల్నా వద్దా అని మూడు నెలలు ఆగి ఇయాల రాస్తున్న. జర పొడుగైతది, ఓపిక పట్టి చదువుండ్రి.

మా తాత మొన్న సంక్రాంతి ముంగట చనిపోయిండు. ఊర్ల ఆయనను అసలు పేరుతోని పిలిచేటోళ్లు తక్కువ. "రెండు తలల తాత" అంటేనే అందరికి ఎరుక. చిన్నప్పుడు నేను బడికి పోతుంటె "రెండు తలలోని మనుమడు వచ్చిండురా" అనేటోళ్లు. దినాల నాడు బువ్వ తినుకుంట గూడ ఇద్దరు ముగ్గురు అదే ముచ్చట తీసి నవ్విన్రు. నాయిన తలకాయ దించుకొని కూసున్నడు, విస్తరిల ఉన్నది ఉన్నట్టే ఇడిసిపెట్టి లేసిండు. నేను అప్పుడే అనుకున్న. ఈ ఎండకాలం ఆ అడవికి పోత, తాత ఏం చూసిండో దాని జాడ వెతుకుత అని.

తాత చెప్పింది ఇది. నేను వందసార్లు విన్న. నాకు తెలివి వచ్చినకాన్నుంచి ఇందుల ఒక్క మాట గూడ మారలేదు.

1974 ఎండకాలం. నాయిన అప్పుడు చంటిపిల్లగాడు. తాత, నాయినమ్మ తునికాకు కోతకు తాడ్వాయి దిక్కు పోయేటోళ్లు. పొద్దుగాల కోసిన ఆకును 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, పొద్దుగూకే యాళ్లకు కల్లంకాడ ఆకు తీసుకునే కల్లేదారుకు అప్పజెప్పాలె. ఆ నాడు నాయినకు జరమొస్తె నాయినమ్మ ఇంటికాన్నే ఆగింది. తాత ఒక్కడే ఆకు మూట నెత్తిమీద పెట్టుకొని ఎండిపోయిన వాగులకెల్లి వస్తున్నడు. వాగుల చెలిమె ఉన్నది. నీళ్లు తాగుదామని మూట దించిండు. దించి లేచి చూస్తె చెలిమెకు అవతల, ఇరవై బారల దూరంల, అది నిలబడి ఉన్నది.

మనిషంత ఎత్తు. రెండు కాళ్ల మీద నిలబడ్డది. ఒళ్లంత నల్లటి బొచ్చు. దానికి రెండు తలలు. ఒకటి పెద్దది, దాని ఎనకకెల్లి కొంచెం పైకి ఇంకొకటి, చిన్నది. తాత మూట ఇడిసిపెట్టి అట్లనే నిలబడిపోయిండు. అది బుస్సుమని ఊపిరి ఇడిసి, ముంగటికి వంగి, ఒడ్డెక్కి చెట్లల్ల కలిసిపోయింది.

తాత ఉరకలేదు. కొంచెంసేపు ఆగి పోయి జాడ చూసిండు. ఇసుకల పాదం ఉన్నది. మడిమె, అరికాలు, ఐదు వేళ్లు, అచ్చం మనిషిదే. ఆయన తన పాదం పక్కన పెట్టి చూసుకున్నడు. కుడికాలు పడాల్సిన కాడ ఎడమకాలు పడ్డట్టున్నదట. అంటే బొటనవేలు బయటి పక్కకున్నది. దయ్యాలకు పాదాలు తిరగబడి ఉంటయంటరు గద, ఊర్ల నవ్వింది ఎక్కువ ఈ మాటకే. దామెరవాయి గుట్ట మీద పాత బండల గూళ్లున్నయి, రాకాసి గూళ్లంటరు, ఎవరో ఆ గూళ్లలకెల్లి ఎల్లొచ్చిన రాకాసి అన్నరు. ఇగ ఆ పేరే ఉన్నది.

ఎలుగుబంటి అంటరని నాకెరుకే. కని తాతకు గుడ్డెలుగు కొత్తది కాదు. ఇప్పపువ్వు ఏరుకునే దినాలల్ల చెట్టు కిందనే కనపడేది. "ఎలుగునే ఎరుగనార నేను, దానికి రెండు తలలుంటయార" అని ఆయన కోపానికి వచ్చేటోడు. తాగుడు అలవాటు లేదు. చూపు చివరిదాక మంచిగుండె.

నేను అడిగేది రెండే. ఇసొంటిది ములుగు, భూపాలపల్లి, కొత్తగూడెం దిక్కు అడవులల్ల ఎవరన్న చూసిన్రా, మీ ఇండ్లల్ల పెద్దోళ్లు చెప్పంగ విన్నరా? రెండోది, అడవిల జాడలు ఎట్ల చూడాలె, ఏ యాళ్ల పోవాలె, ఏం పట్టుకపోవాలె? నవ్వెటోళ్లు నవ్వుండ్రి, మాకు అలవాటే.

—

భూపాలపల్లి గని:

అన్నా, మా నాయిన సింగరేణిల చేసి దిగిపోయిండు. ఆయన గూడ సైకిల్ మీద రాత్రి షిఫ్టుకు పోయేటప్పుడు రోడ్డుకడ్డం నల్లటిది నిలబడ్డదని చెప్తడు, కని ఒక్క తలే. ఒంటరిగ మాత్రం పోకు. మా ఊరాయనకు ఎలుగు కొట్టి సగం మొఖం పోయింది, ఇప్పటికి గుడ్డ కట్టుకొని తిరుగుతడు.

—

హన్మకొండ టీచరమ్మ:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. నవ్వడానికి ఇందులో ఏమీ లేదు.

ముందు రాకాసి గూళ్ల సంగతి. దామెరవాయికి మా పిల్లల్ని తీసుకుపోయాను. గుట్ట మీద వందకు పైగా ఉన్నాయవి. నాలుగు పక్కలా నిలువు బండలు, పైన ఒకే పెద్ద బండ మూత. కొన్నింటి లోపల తొలిచిన రాతి తొట్లు కూడా కనపడతాయి. అవి ఇనుప యుగం నాటి సమాధులు. మనలాంటి ఎత్తున్న మనుషులే చనిపోయినవాళ్ల కోసం కట్టుకున్నారు. ఇంత బండను మనిషి ఎట్లా ఎత్తగలడు, రాకాసులే ఎత్తి ఉంటారు అని తర్వాతి తరాలు అనుకున్నాయి, పేరు అట్లా నిలిచిపోయింది. మా పిల్లవాడొకడు మూతబండ కింద నిలబడి చేతులతో దాని మందం కొలిచి "టీచర్, ఇది మా ఇంటి స్లాబు కంటే మందం" అన్నాడు. రాకాసి అనే మాట ఎట్లా పుట్టిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఈ నేలకు నిజంగానే పెద్ద జీవాలు కొత్త కాదు. మంచిర్యాల జిల్లా వేమనపల్లి మండలంలో యామన్‌పల్లి అని ఊరుంది. అక్కడ దొరికిన ఎముకలతోనే కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్‌కు 1988లో పేరు పెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి జంతువు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టి ఉంది, ఎప్పుడైనా పోతే చూడు. ప్రాణహితకు అవతలి ఒడ్డున సిరోంచ వైపు దొరికినదానికి బారాపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. బారా పా అంటే పెద్ద కాలు. తవ్వకం రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాది 1961లో జరిగింది కాబట్టి ఆయన పేరు కూడా కలిపారు.

ఇక మీ తాతగారు చూసిన పాదం. 2019 ఏప్రిల్‌లో మన సైన్యం వాళ్లు నేపాల్‌లో మకాలు శిఖరం బేస్ క్యాంపు దగ్గర మంచులో పాదముద్రల ఫోటోలు పెట్టి, ఇవి యతివి, అంటే కథల్లో చెప్పే హిమాలయాల మంచు మనిషివి, కావచ్చు అన్నారు, గుర్తుందా? ఒక్కో ముద్ర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు అని రాశారు. అంతకు ముందు 1951లో పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ హిమాలయాల్లో మెన్‌లుంగ్ హిమానీనదం మీద ముద్ర పక్కన మంచుగొడ్డలి పెట్టి తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 2017లో శాస్త్రవేత్త షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం, యతివి అని మఠాల్లో, మ్యూజియాల్లో దాచిపెట్టిన వెంట్రుక, చర్మం, ఎముక, పన్ను లాంటివి తొమ్మిది తీసుకుని డీఎన్ఏ పరీక్ష చేశారు. ఎనిమిది ఎలుగుబంట్లవి. ఒకటి కుక్కది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఎలుగు అని తేలినంత మాత్రాన చూసినవాళ్లు అబద్ధాలకోరులు అయిపోలేదు. ఎలుగు వెనకకాలు ముందుకాలు పడ్డ చోటే పడితే రెండు ముద్రలు కలిసి ఒకే పొడవాటి పాదం అవుతుంది. మంచు ఎండకు అంచులు కరిగితే ఇంకా పెద్దదవుతుంది. వాళ్లు నిజంగానే పెద్ద పాదం చూశారు. మీ తాతగారి విషయంలో నన్ను పట్టి ఆపుతున్నది ఒక్క రెండో తలే.

—

మంగపేట వాచర్:

తమ్మీ, నేను అడవిశాఖల బేస్ క్యాంపు వాచర్‌గ పదకొండేండ్లు చేసిన. 2018ల, 2022ల పులుల లెక్కకు గూడ నడిచిన. జాడలు చూసుకుంట ఒక్కొక్క బాట 5 కిలోమీటర్లు పోవుడు, కాయితం మీద రాసుడు, ఫోటో తీసుడు, అదే పని. నాకు తెలిసినంత చెప్త.

మీ తాత పాదం పక్కన పాదం పెట్టి చూసిండు సూడు, అది మామూలు మనిషి చేసే పని కాదు. ఉరికేటోళ్లనే నేను ఎక్కువ చూసిన. ఆయన బొటనవేలు బయట ఉన్నదన్నడు గద. ఊరోళ్లు నవ్విన ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. మనిషికి లోపలి వేలు పెద్దది. ఎలుగుకు లోపలి వేలే అన్నిట్ల చిన్నది, బయటిది పెద్దది. అందుకే దాని కుడి అడుగు మన ఎడమ అడుగు లెక్క కొడతది. పుస్తకం చదివినోడో, కండ్లతోని చూసినోడో చెప్పాలె ఈ మాట. మీ తాత పుస్తకం చదివి ఉండడు.

ఇగ నీకు మూడు ప్రశ్నలు. ఇంట్ల అడిగి చెప్పు.

ఒకటి, మెడ కింద తెల్లగ ఏమన్న కనపడ్డదన్నడా?

రెండు, అది ఏ నెల?

మూడోది అసలైనది. ఆ రెండు తలలు ఒక్కసారే ఆయన దిక్కు తిరిగినయా, ఏది దానికదే తిరిగిందా?

—

పస్రా పోరడు:

కాకా, దండం. ఇప్పుడే నాయినకు ఫోన్ చేసిన. స్పీకర్‌ల పెడితె నాయినమ్మ గూడ విన్నది.

మెడ కింద గురించి నేను రాయుడు మరిచిన. "వెండి కంటె ఏసుకున్నట్టు తెల్లగ మెరిసింది" అనేటోడు తాత. రాకాసికి కంటె ఎవడు చేయించిండు అని దానికీ నవ్వేటోళ్లు.

నెల: తునికాకు కోత నడుమ, మే నెల మొదలయి ఉంటదని నాయినమ్మ అన్నది.

తలలు ఒక్కసారి తిరగలేదట. పెద్ద తల తాతనే చూస్తున్నది. చిన్న తల మొదలు పక్కకు చూసి, తర్వాత ఇటు తిరిగి, మల్ల బొచ్చులకు మునిగిందట. నాయిన ఈ "మునిగింది" అన్న మాట రెండుసార్లు చెప్పిండు, తాత మాట అదేనట.

—

మంగపేట వాచర్:

అయిపోయింది తమ్మీ. మీ తాత చూసింది పిల్లల తల్లిని.

గుడ్డెలుగు చలికాలంల గుహలనో, పెద్ద బండల సందుల్నో ఈనుతది. పిల్లలు రెండు మూడు నెలలకు బయటికి వస్తయి. వచ్చినకాన్నుంచి తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకొని తిరుగుతది. తొమ్మిది నెలల పిల్లలు గూడ ఎక్కుతయి. వేరే జాతుల ఎలుగులు ఇట్ల మోసుకొని తిరగయి, మన ఎలుగుకే ఆ అలవాటు. వీపు మీద బొచ్చు పొడుగుంటది, పిల్లలు దాన్ని పిడికిళ్లతోని పట్టుకొని ఉంటయి. మే నెలంటె పిల్ల నాలుగైదు నెలలది, పిల్లికంటె పెద్దది, కుక్కంత. తల్లి వాసన పట్టెటందుకు రెండు కాళ్ల మీద లేస్తె పిల్ల జారకుంట భుజం మీదికి పాకుతది. తల్లి తల ఎనకకెల్లి దాని తల పైకి వస్తది. భయమైతె బొచ్చులకు మొఖం పెట్టుకుంటది. మునిగింది అన్నడు గద! ఇంతకంటె మంచిగ నేను గూడ చెప్పలేను. వెండి కంటె అన్నది ఛాతి మీద ఉండే తెల్ల మచ్చ, వంకీ లెక్క ఉంటది.

మీ తాత ఎలుగులను చూడలేదని కాదు. ఇప్పచెట్టు కింద చూసినయి ఒంటరియి అయి ఉంటయి. పిల్లల తల్లి మనిషి కండ్లపడుడు తక్కువ. నాకు పదకొండేండ్లల్ల వీపు మీద పిల్లతోని కనపడ్డది నాలుగుసార్లే. మొదటిసారి నాకు గూడ ఏందో అర్థం కాలేదు. ఆ పొద్దు మబ్బుల ఒక పెద్ద మూపురం నడిచిపోతున్నట్టు అనిపించింది.

జాడ వెతుకుడు చెప్త, మంచిగ విను.

అభయారణ్యంలకు అనుమతి లేకుంట అడుగు పెట్టకు. ఏటూరునాగారం అభయారణ్యం సుమారు 800 చదరపు కిలోమీటర్లు, లోపల దారి తప్పితె ఫోన్ గూడ పలకది. రేంజ్ ఆఫీసుల అడుగు, లేకుంటె తునికాకు కోసెటోళ్ల ఎంబడి వాళ్లు మసిలే అంచులనే తిరుగు.

పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది లోపల జాడ చూడాలె. ఎండ పక్కకెల్లి పడుతుంటది, అడుగు అంచుల నీడ పడి లోతు కండ్లకు కనపడతది. పొద్దు నడినెత్తికి వచ్చిందా, అదే అడుగు నీ కాళ్లకాడనే ఉన్నా కనపడది. జాడ ఎప్పటికీ నీకూ పొద్దుకూ నడుమ ఉండెటట్టు నడువు. ఫోటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెట్టి, పై నుంచి నిటారుగ తియ్యి. వాలుగ తీస్తె కొలత తప్పుతది, అసొంటి ఫోటోలతోనే సగం రాకాసులు పుడుతయి.

ముందుకాలు జాడల మడిమె పడది. ఐదు వేళ్లు దాదాపు ఒకే గీత మీద ఉంటయి, వాటికి మూడు నాలుగు వేళ్ల దూరంల ముంగట గోటి గుంటలు. ముందుకాలి గోర్లు ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటయి మరి. వెనకకాలిది మనిషి పాదమే అనుకో, గోర్లు పొట్టియి కాబట్టి గట్టి నేల మీద పడనే పడయి.

చెదపుట్టలు చూడు. గడ్డపారతోని తవ్వినట్టు పక్కకెల్లి బొక్క పడి, మట్టి ఎనకకు ఎగజిమ్మి ఉంటది. మూతి పెట్టి ఊది దుమ్ము పోగొడతది, తర్వాత చెదలను పీలుస్తది. పై పండ్లల్ల నడిమి రెండు ఉండయి, ఆ సందులకెల్లే పీలుసుడు. ఆ చప్పుడు చాన దూరం యినొస్తది. యినొచ్చిందా, వచ్చిన బాటనే ఎనకకు రా. పెంటిక చూస్తె గూడ తెలుస్తది. ఈ నెలల తునికి గింజలు, చెదల పొట్టు కలిసి ఉంటయి.

నువ్వు పోయే నాడు నాకు చెప్పు. నేను గూడ వస్త.

—

ఏటూరునాగారం చెల్లె:

అన్నా, మాది కోయగూడెం. నేను నర్సింగ్ చదువుతున్న. మీ తాత ముచ్చట మా అమ్మకు చదివి వినిపించిన.

రెండు మాటలు చెప్పాలె. దామెరవాయి పోతె ఆ గూళ్ల మీదికి ఎక్కొద్దు, రాయి కదిలించొద్దు. గుప్తనిధులు ఉన్నయని పిచ్చితోని తవ్వి, మూతబండలు పలగ్గొట్టి పోయిన్రు. చూస్తె కడుపుల దేవినట్టయితది. అవి ఎవరి పెద్దోళ్లవో, మనిషి పండిన జాగ అది. రాకాసి పేరు పెట్టినంత మాత్రాన దిక్కులేనియి కావు.

ఇంకొకటి. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలికి తాడ్వాయి, మేడారం నడుమ అడవిల ఒక్కనాడే వేల చెట్లు కూలినయి. మొదళ్లతో సహ లేసి పడ్డయి. మీ తాత నడిచిన బాట ఇప్పుడు అట్లనే ఉంటదని అనుకోవద్దు. పాత బాటల కంటె వాగు ఎంబడి పోతెనే నయం, వాగు మారలేదు.

సమ్మక్క తల్లి పసిబిడ్డగ పులుల నడుమ ఆడుకుంటుంటె మా పెద్దలు చూసి తెచ్చుకున్నరని మేము నమ్ముతం. అది చూసి వచ్చి చెప్పినోళ్లను ఆ నాడు ఎవరూ నవ్వి ఉండరు. "ఆ తాత మా గూడెంల చెప్పి ఉంటె బాగుండు" అన్నది మా అమ్మ.

—

పస్రా పోరడు:

అందరికి దండాలు. పోయి వచ్చిన. రాసుడు ఆలస్యమైంది, షాపుల పరీక్షల రద్దీ.

మే మొదటి వారంల చిన్నమ్మోళ్లు తునికాకుకు పోతుంటె వాళ్ల ఎంబడి పోయిన. వాచర్ కాక మంగపేట నుంచి మబ్బుల నాలుగింటికే బండి మీద వచ్చిండు. మొఖాలు చూసుకునుడు అదే మొదలు. చేతిల ఒక పొడుగు కట్టె, సంచిల నీళ్లు, రెండు అగ్గిపెట్టెలు, అంతే. "మాట్లాడుకుంట నడువుండ్రి, చప్పుడు కాకుంట పోతెనే కష్టం" అన్నడు. ఎలుగుకు చూపు, వినికిడి తక్కువనట, మీదికి పోయేదాక మనిషిని పసిగట్టదట, అప్పుడు భయానికి కొడతదట.

మొదలు పుట్టలు కనపడ్డయి. ఒకటి పాతది, బొక్కల సాలీడు గూడు కట్టింది. ఇంకొకటి తాజాది. మట్టి ఇంక తడిగ ఎర్రగ ఉన్నది, లోపలి గోడ మీద నాలుగు గీతలు, చెయ్యి పెడితె నా నాలుగు వేళ్లు వాటిల్ల దిగినయి. కాక దాని ముంగట మోకాళ్ల మీద కూసొని వాసన చూసిండు. నన్ను గూడ చూడుమన్నడు. తడిసిన గోనె సంచి వాసన.

పొద్దు పొడిచే యాళ్లకు వాగుల దిగినం. నీళ్లు లేవు, ఇసుకనే. మలుపుకాడ చెలిమె ఉన్నది, చిన్నమ్మోళ్లే తోడుకున్నదట, రెండు జానల లోతు. కాక చెయ్యి అడ్డం పెట్టి అందరిని ఆపిండు. నన్ను ఒక్కన్నే పిలిచి, పొద్దుకు ఎదురుంగ నిలబెట్టిండు.

అవతలి ఒడ్డుకెల్లి జాడ దిగింది. ముందుకాళ్లు, వెనకకాళ్లు, ఏది ఏందో కాక కట్టెతోని చూపెట్టిండు, తాకకుంట. వెనకకాలి అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి చూసిన. మూడున్నర అగ్గిపెట్టెల పొడుగు. వేళ్లు చూసిన. బయటిది పెద్దది. చెప్పు ఇడిసి నా కుడికాలు దాని పక్కన పెట్టిన. తాత పెట్టినట్టే. నా బొటనవేలు ఇటు, దాని పెద్ద వేలు అటు. ఇంట్ల ఎన్నిసార్లు విన్నా ఆ మాట ఎందుకు నమ్మబుద్ధి కాకపోయెడిదో, కండ్లతోని చూస్తె ఎంత చిన్న సంగతో.

కని నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఒడ్డుకెల్లి చెలిమె దాక ఒక్క తల్లి జాడనే వచ్చింది. అటుపక్క, ఇటుపక్క ఇసుక చెక్కు చెదరలేదు, రాత్రి గాలికి పడ్డ సన్నటి అలలు అట్లనే ఉన్నయి. చెలిమెకు రెండు బారల ముంగట తల్లి ఆగింది. ఆడికెల్లి ఉన్నట్టుండి చిన్న అడుగులు మొదలైనయి. నా అరచేతిల సగం ఉంటయి. ఆడిదాక రాలేదు, ఆకాశంకెల్లి రాలి పడ్డట్టు నడిమిట్ల మొదలైనయి. చెలిమె చుట్టు తిరిగినయి, ఒకటి అంచుకు పోతె ఇసుక జారి దాని ఒళ్లంత పడ్డ గుర్తు, నాలుగు కాళ్లు చాపుకొని పడ్డట్టు. మల్ల తల్లి ఎనకకాలు దగ్గరికి వచ్చినయి. ఆగిపోయినయి. తర్వాత ఒడ్డు దాక తల్లి జాడ ఒక్కటే పోయింది.

నేను చానసేపు ఆ ఆగిపోయిన కాడనే కూసున్న. కాక ఏం మాట్లాడలేదు. ఆయన వంగి చిన్న అడుగులను లెక్క పెట్టి, రెండు చోట్ల కట్టెతోని గాలిల గీత గీసి, "ఇది ఒకదానిది, ఇది ఇంకోదానిది, మడిమె చూడు, దీనిది సన్నం" అన్నడు. ఇద్దరు పిల్లలు.

ఒడ్డు మీద రేగుముల్లుకు వెంట్రుక చిక్కింది, బెత్తెడు కంటె పొడుగు, మొదట్ల నల్లగ, కొస ఎర్రగ. తీసుకుందామనుకున్న. "వద్దు తమ్మీ, చట్టం ఉన్నది, ఫోటో తీసుకో చాలు" అన్నడు కాక. పది నిమిషాలల్ల అందరిని ఎనకకు తోలిండు. ఆ చెలిమెకాడికి పొద్దు బాగ ఎక్కేదాక రావద్దని చిన్నమ్మోళ్లకు గట్టిగ చెప్పిండు. వాళ్లు దూరంగ ఇంకొకటి తోడుకున్నరు.

జంతువును మేము చూడలేదు. నాకు చూడాలని గూడ అనిపించలేదు.

ఊరికి పోయి ఫోటోలు నాయినకు చూపెట్టిన. ఆయన ఫోన్ పట్టుకొని చావడికాడికి పోయిండు. ఆయన చావడికాడ కూసొంగ నేను చూసుడు అదే మొదలు. అరగంటకు వచ్చిండు. ఆడ ఏమన్నరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, బువ్వ మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నడు.

నాయినమ్మకు చూపు మందం, ఫోటో ఆనలేదు. అందుకని వాకిట్ల బూడిద పోసి, చదును చేసి, వేలుతోని ఆ జాడలు గీసి చూపెట్టిన. ఇదిగో తల్లి అడుగు, ఇదిగో పిల్లలు దిగిన కాడ, ఇదిగో మల్ల వీపెక్కిన కాడ అని. ఆమె చెయ్యి పట్టి గీతల మీద తిప్పిన. పిల్లలు ఎన్ని అని అడిగింది. రెండు నాయినమ్మా అన్న.

ఆమె బూడిదల చెయ్యి అట్లనే ఉంచి చానసేపు ఊకున్నది.

"ఆ రాత్రి ఇంటికొచ్చి నాకే మొదలు చెప్పిండు బిడ్డా. మూడు తలలన్నడు. నేనే నవ్విన. తెల్లారి కల్లంకాడ రెండు అని చెప్పిండు."